మెత్తటి సీసం

మారయ్యన్న నెలకో ఆదివారం సింగపూర్‌ చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాటుకు వచ్చేవాడు. చేతిలో గోంగూర కట్ట, కాళ్లకు యార్డులో ఇచ్చిన బూట్లు. ఆ బూట్లు బయటే విప్పి, వాటి పక్కన తనూ కాసేపు నిలబడి, "రావచ్చునామ్మా?" అని అడిగేవాడు. రెండేళ్లుగా వస్తున్న మనిషి ప్రతిసారీ అదే అడిగితే నాకు ఒళ్లు మండేది. "వద్దంటే వెళ్లిపోతావా అన్నా?" అనేదాన్ని. "పోతా" అనేవాడు. అన్నంత పనీ చేస్తాడని భయమేసి తలుపు బార్లా తెరిచేదాన్ని.

మాది విమానంలో పరిచయం. దిగేముందు ఇచ్చిన ఫారం అతనికి నేనే నింపిపెట్టాను. ఏం పనిచేస్తావని రాయాలన్నా అంటే, "ఇప్పటిదాకానా, ఇప్పట్నించా?" అన్నాడు. ఇప్పట్నించి ఓడల యార్డులో తుప్పు గీకడం. ఇప్పటిదాకా ఏమిటో చాలా నెలల తర్వాతగానీ చెప్పలేదు. నల్లమల అంచున, కర్నూలు జిల్లాలో వాళ్ల ఊరు. బుడ్డల చేల మీద, అదే వేరుశనగ మీద, పడే అడవి పందుల్ని కొట్టడానికి లైసెన్సున్న తుపాకి ఊరు మొత్తానికి వాళ్లింట్లోనే ఉండేది. మూతిలోంచి మందు కూరి, గుండు దిగ్గొట్టి, ఒక్కసారికి ఒక్కటే కాల్చే పాతకాలపు తుపాకి. గుండ్లు కూడా మారయ్యన్నే సీసం కరిగించి పోసేవాడు. ఆ సంగతులు అడిగితే రెండు ముక్కలు చెప్పి, లేచి కంచం కడుక్కునేవాడు.

నేను చెప్పబోయే ఆదివారం రెండువేల సంవత్సరంలోది. అప్పట్లో అమెరికాలో గొడుగులు అమ్మేవాడికి కూడా వెబ్‌సైట్ కావాలి. మా కంపెనీ అలాంటి సైట్లు కట్టేది. ఆ నెల నా పాలబడినవాడు వేటగాళ్లకు సామాను అమ్మే వ్యాపారి. మందు కూరే తుపాకుల్లో వాడే పన్నెండు రకాల గుండ్లను వరసగా పేర్చిన నీళ్ల డబ్బాల్లోకి కాల్చి, ఏది ఎంత వెడల్పు విచ్చుకుంది, ఏది ఎన్ని డబ్బాలు దాటింది అని కొలిచి, ఫ్యాక్స్‌లో పంపాడు. గుండ్లన్నీ ఇంచుమించు ఒకే బరువు, కూరిన మందూ ఒకటే. నేను ఆ అంకెల్ని పట్టికగా ఎక్కించాను. ఫొటోలు పెట్టాను. పైనున్న నాలుగింటికి ఎర్ర రంగులో "పెద్ద జంతువులకు ఇవి" అని రాశాను. ఆదివారం సాయంత్రం ఆరింటికి సైటు దానంతటదే తెరుచుకునేలా పెట్టి, శుక్రవారం రాత్రి హాయిగా ఇంటికొచ్చాను.

ఆ వ్యాపారి పని ఇంతకుముందే రెండుసార్లు తప్పుగా పంపాం. మూడోసారి తప్పు దొర్లితే కాంట్రాక్టు పోతుందని, కాంట్రాక్టుతోపాటు కారకులు కూడా పోతారని మా బాస్ మధుసూదనరావు గారు అందరి ముందే చెప్పారు. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే పాస్ రద్దవుతుంది, పాస్ పోతే పెట్టె సర్దుకోవడమే.

భోజనమయ్యాక మారయ్యన్న బల్ల మీదున్న నా పట్టిక కాగితం చూశాడు. ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. ఫొటోలు చూడగానే చేతులు చొక్కాకు తుడుచుకుని, కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. నేను నవ్వుతూ ఏ వరస ఏమిటో చెప్పాను. అతను నవ్వలేదు.

"ఇది తప్పు గీతమ్మా."

"ఏది?"

"ఇది సూడు. రూపాయి బిళ్ల మాదిరి పరుసుకుపోయింది. ఇది ఆరు డబ్బాలు దాటిందని రాసినావు. ఈడ ఇది సూడు, మూతి గూడా చెదర్లే. ఇది రెండేనంట. ఇంత వెడల్పు ఇచ్చుకున్నది అంత లోతు యాడ పోతాదమ్మా? ఇచ్చుకుంటే ఆగుతాది, ఇచ్చుకోకుంటే పోతాది. కుందేలికి ఏది పెట్టల్ల, పందికి ఏది పెట్టల్ల అనేది తర్వాత మాట. రెండూ ఒకదానికే రావు."

"అమెరికావాళ్లు మిషన్లు పెట్టి కొలిచారన్నా" అన్నాను, కాస్త విసురుగానే. తుప్పు గీకేవాడు నా పట్టికకు వంక పెట్టడమేమిటని మనసులో అనుకున్నాను కూడా. ఆ మాట దాచుకోవడం ఎందుకు?

"కొల్సినోళ్లది తప్పనలా."

అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం ఆఖర్న, డబ్బాల అంకెలు పెద్ద నుంచి చిన్నకు ఉంటే చూడ్డానికి బావుంటుందని, ఆ ఒక్క నిలువు వరసని ఎంచుకుని సర్దేయమని కంప్యూటర్‌కి చెప్పాను. అది చెప్పినట్టే చేసింది. ఆ వరస ఒక్కటే కదిలింది, పక్కన గుండ్ల పేర్లు, ఫొటోలు, వెడల్పులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పైన పటారం, లోన లొటారం. పందిని కొట్టబోయేవాడికి, దాని భుజం దాటని గుండు కొనుక్కోమని ఎర్ర రంగులో రాశాను.

టైము మూడున్నర. అసలు ఫ్యాక్స్ ఆఫీసులో ఉంది, తాళం మధుసూదనరావు గారి దగ్గర ఉంది. సైటు ఆపాలన్నా ఆయనే ఆపాలి.

"రేపు పొద్దున్నే వెళ్లి చడీచప్పుడు లేకుండా మార్చేస్తాను" అన్నాను. "ఒక్క రాత్రికి ఏమవుతుంది? వేటగాళ్లకు ఆ మాత్రం తెలీదా? వెబ్‌సైట్ చూసి ఎవడు తుపాకి పేలుస్తాడు?"

"తెలిసినోడే తప్పు జేస్తాడు గీతమ్మా."

అతను కుర్చీలో కూర్చోలేదు. కిటికీ దగ్గరే నిలబడి, నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"మా తమ్ముడు బసవయ్య. తుపాకి నా పేర్న ఉన్యా గురి వానిదే. గుండు నాది. పందికైతే పాత బ్యాటరీ సీసం కలిపి గట్టిగా పోసేటోణ్ణి. ఆ యేడు అది అయిపోయింది. వల గుండ్లుంటాయి సూడు, చేపల వలకు కట్టేటివి, అవి కరిగించినా. వట్టి మెత్తన. గోరుతో గీకితే గీత పడతాది. చెక్క మీద కాల్చి సూస్తే ఇంత పొడుగున పగిలింది. దెబ్బ పెద్దదాయెనని సంతోషపడినా. వానికి అవే ఇచ్చినా."

నేను గడియారం వైపు చూడటం మానేశాను.

"వాడు సరిగ్గా భుజం మీదే కొట్టినాడు. పంది పడలా. వాని మీదికే తిరిగొచ్చింది. మళ్లీ మందు కూరేదానికి టైమేదీ? ఆత్మకూరు ఆసుపత్రికి తీసకపోతాంటే దావలోనే పోయినాడు. మర్నాడు ఊరోళ్లు ఆ పందిని బరిసెలతో పొడిసి సంపినారు. కోసేటప్పుడు నేనే కూసున్యా. భుజం తోలు కింద నా గుండు దొరికింది. అప్పచ్చి మాదిరి అయిపోయి, ఆడనే నిల్చిపోయింది. ఎవరూ సూడకుండా జేబులో ఏసుకోని, బాయిలో పారేసినా."

"ఎవరికీ చెప్పలేదా?"

"వాడు ఆ పొద్దు రవ్వంత తాగి ఏటకు పోయినాడు. తాగినోడు గురి తప్పినాడని అన్నారు ఊర్లో. నేను ఊకున్యా. వాని పెండ్లాం ప్రసన్నలక్ష్మి ఉంది. సలి అంటే ఆ యమ్మే పోసి పంపిందంట. నా మొగుణ్ణి నేనే సంపుకుంటినని అంటాది. ఐదేండ్లుగా అంటానే ఉంది. అది ఇనలేకనే ఈడికొచ్చినా, కూలికి కాదు."

నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. కోపం అతని మీదో నా మీదో తేల్చుకునేలోపే ఫోన్ తీశాను. అతనికి మంచి చెప్పే అర్హత నాకు లేదని తెలుసు. ఒక్క రాత్రి అని నేనన్న మాటే అతను ఐదేళ్ల కిందట అనుకుని ఉంటాడు.

మధుసూదనరావు గారు బిషాన్‌లో ఎవరింట్లోనో భోజనంలో ఉన్నారు.

"సర్, గీతాంజలిని. బుల్లెట్ల టేబుల్ తప్పు. నేనే తప్పు చేశాను. ఆరింటికి సైట్ తెరుచుకోకూడదు సర్."

"నీకెవరు చెప్పారు తప్పని? క్లయింట్ చెప్పాడా?"

"లేదు సర్. మాకు తెలిసిన ఒకాయన, మన తెలుగాయనే, షిప్‌యార్డ్ వర్కర్..."

ఆయన ఏమన్నారో ఇక్కడ రాయను. రాయదగ్గవి కావు. నేను మాత్రం ఒకటే మాట పట్టుకుని కూర్చున్నాను: సర్, ఒక్కసారి ఫ్యాక్స్ చూడండి. చివరికి ఫోన్ పెట్టేశారు. వెళుతున్నారో లేదో చెప్పలేదు.

అప్పట్నించి గంటా పది నిమిషాలు. మారయ్యన్న గిన్నెలన్నీ కడిగాడు. కడిగినవి మళ్లీ కడిగాడు. నేను కాగితం మీద పెన్సిల్‌తో డబ్బాల అంకెలు ఏవి దేనివో అతన్ని అడిగి రాసుకున్నాను. ఫొటో చూసి, విచ్చుకున్నదాన్ని బట్టి అంచనా కట్టి పన్నెండూ చెప్పాడు. ఫోన్ మోగేసరికి అయిదు కావస్తోంది.

బాస్ ఆఫీసు నుంచే, ఫ్యాక్స్ చూస్తూ ఒక్కొక్క అంకె చదివారు. నేను పెన్సిల్ పెట్టి చూసుకున్నాను. పన్నెండింట్లో పది అచ్చంగా అవే. మిగతా రెండు ఒక్క డబ్బా తేడా.

"ఆపేశాను" అన్నారాయన. "నువ్వు రేపు పదింటికి నా రూమ్‌కి రా. ఆ తర్వాత నీ మెషీన్ దగ్గరికి వెళ్లక్కర్లేదు." క్లయింటుకు ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా. ఆ నెల నేను పడిన పాట్లు వేరే కథ.

నేను ఫోన్ పెట్టేసి చేతుల్లో మొహం దాచుకున్నాను. మారయ్యన్న వచ్చి ఎదురుగా, మొట్టమొదటిసారి అడగకుండా, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పనిపోయిందా?"

"పోయింది."

పట్టిక కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు. "ఆ ఫోను ఇట్లియ్యమ్మా" అన్నాడు.

ఊళ్లో టెలిఫోన్ బూత్ నడిపే సాంబమూర్తికి ఫోన్ చేసి, ప్రసన్నలక్ష్మిని పిలిపించమని, పది నిమిషాల్లో మళ్లీ చేస్తానని చెప్పాడు. పది నిమిషాలయ్యాక మళ్లీ నేనే నంబర్ నొక్కి ఇచ్చాను.

"లక్ష్మీ, నేను మారయ్యను. ఇను. బసవని గురి తప్పలా. భుజం మీదే తగిలింది. నేను పోసిన గుండు మెత్తనిది, లోపలికి పోలా. నా తప్పమ్మా. నువ్వు పోసిన దానివల్ల కాదు."

అతను రిసీవర్‌ను రెండు చేతులతో చెవికి అదుముకున్నాడు. తిట్టు కోసం ఎదురు చూస్తున్నాడని నాకనిపించింది. కాసేపటికి అతని మొహం మారింది.

"ఎవరూ? సాంబమూర్తా? ఆ యమ్మ ఇచ్చిందా?" ఒక్క క్షణం ఆగి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా అదే మళ్లీ చెప్పాడు. బసవని గురి తప్పలా. గుండు నాది. చెప్పడం అయ్యేసరికి అవతల రిసీవర్ ఇంకో చేతికి మారింది. ఇంకెవరో పెద్దాయన. అతనికీ చెప్పాడు. తర్వాత ఇంకో ఆమెకు. బూత్ ముందున్న ఒక్కొక్కరి చేతికీ ప్రసన్నలక్ష్మి ఫోన్ ఇస్తోందని నాకప్పుడు అర్థమైంది. నాలుగోసారి చెప్పడం అయ్యాక నేను మంచినీళ్లు పోసి అందించాను. ఒక గుక్క తాగి, రిసీవర్ మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

"లక్ష్మీ, ఇంకెవరన్నా ఉండారా ఆడ?" అని అడిగాడు. "ఉంటే ఇయ్యి."