తీర్పు చెప్పనిదే లేవని మావాళ్లు

డిగ్రీ చదివే ఆ రోజుల్లో ప్రపంచ సమస్యలన్నీ నేనే పరిష్కరించగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఖమ్మంలో షేర్ ఆటోలో సీటు సంపాదించడం మాత్రం చేతనయ్యేది కాదు. మా వంశంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఎం.ఏ. కూడా చదువుతానంటే నాయన ఒప్పుకోలేదు; పాల్వంచలో కాంట్రాక్టు పనికి మాట్లాడిపెట్టాడు. నేను బతిమాలగా బతిమాలగా, "నువ్వు నేర్చిందేందో ఒక్కపారి కండ్లతోని చూస్త, అప్పుడు చెప్త" అన్నాడు. సరిగ్గా అప్పుడే కళాశాలలో చర్చా పోటీ వచ్చింది. పరాయి సైన్యం దేశాన్ని ఆక్రమిస్తే ఆయుధం పట్టడం న్యాయమేనా అన్నది విషయం. న్యాయమేనని నేను, కాదని ఖానాపురం హవేలి నుంచి వచ్చే మా తరగతి అమ్మాయి. నాయనకు కబురు పంపాను.

నాయన ఒక్కడే రాలేదు. తమవాడు పంచాయితీలో మాట్లాడుతుంటే ఒంటరిగా వదలడం భద్రాచలం వైపు అడవిలోని మా ఊళ్లో మర్యాద కాదు. కాబట్టి పెదనాయన, మేనత్త సహా జీపు నిండా దిగారు. మేనత్త నన్ను పక్కకు పిలిచి, "ఆ సైన్యం ఏడిదాంక వచ్చిందిరా? పాల్వంచ దాటిందా?" అని మెల్లగా అడిగింది. ఇదంతా ఊహేనని చెప్పాను. (ఊహ కోసం ఇంతమందిని కూర్చోబెట్టారా అన్నట్టు చూసింది.)

మా ఊరి పంచాయితీలో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరు మాట్లాడినా, ప్రతి మాట చివరా వినేవాళ్లంతా 'అవ్' అనాలి. విన్నాం అని మాత్రమే దానికి అర్థం. ఎవరిది న్యాయమన్నది ఆఖరున తేలుతుంది. నేను లేచి, ఇల్లు ఆక్రమించవచ్చినవాడికి తలుపు తీసి నిలబడటాన్ని శాంతి అనలేమన్నాను. వెనుక వరుసల నుంచి 'అవ్' అని ఒక్కసారిగా లేచింది. హాలు ఉలిక్కిపడింది, నా ఛాతీ పొంగింది. తరువాత ఆ అమ్మాయి, తుపాకి ఎవరు పట్టినా ముందు కాలేది ఊరేనంది. అంతే గట్టిగా 'అవ్'. అందులో మేనత్త గొంతు అందరికంటే పైన. నావాళ్లే నా ప్రత్యర్థికి వంత పలుకుతుంటే, రెండో విడతలో చెప్పవలసిన వాటిలో సగం మరిచిపోయాను. మొదటి బహుమతి ఆ అమ్మాయికే వెళ్లింది.

చప్పట్లు కొట్టి అందరూ లేచారు. మావాళ్లు లేవలేదు. పెదనాయన తువ్వాలు సవరించుకొని, న్యాయనిర్ణేతగా వచ్చిన లెక్చరరు గారిని అడిగాడు. "ఎవలు మంచిగ మాట్లాడిండ్రో చెప్పిండ్రు సారూ. మరి తీర్పేది?"

పోటీ అంటే ఇంతేనని ఆయన నచ్చజెప్పబోయారు.

"గట్లెట్ల సారూ? పాణాల మీది మాట ఎత్తిండ్రు. నడిమిట్ల ఇడిసి పోతే, పొద్దుగాల ఆ ఊరోళ్లు ఏం జెయ్యాలె?"

విద్యార్థులు పగలబడి నవ్వారు. నాకు బెంచీ కింద దూరాలనిపించింది. నాయన మాత్రం నవ్వేవాళ్లను పట్టించుకోకుండా నన్నే చూస్తున్నాడు, నేను ఎటువైపు చేరతానా అని. లేచి నిలబడ్డాను. "ఇది మా ఊరి పద్ధతి సార్. మేమిద్దరం కలిసి ఒక మాట చెప్పేదాకా వీళ్లు కదలరు. చెప్తాం" అన్నాను.

వేదిక మీదే కూర్చుని ఇద్దరం పోటీలోకన్నా గట్టిగా వాదించుకున్నాం. వాచ్‌మన్ తాళాలు ఆడించి చూసి, విసిగి, మా మేనత్త పక్కన కూర్చుండిపోయాడు. చివరికి ఒక మాట కుదిరింది. ఆక్రమించినవాణ్ణి ఎదిరించే హక్కు ఆ నేలవాళ్లది. ఆయుధం పట్టనివాళ్ల జోలికి మాత్రం ఏ పక్షమూ పోరాదు. నేను లేచి అదే ప్రకటించాను. 'అవ్' అన్నారు మావాళ్లు. వాళ్లతో పాటు వాచ్‌మన్, లెక్చరరు గారు కూడా.

జీపెక్కుతూ నాయన, "కప్పు రాలే గదా" అన్నాడు. రాలేదన్నాను. "రాకుంటే రాకపాయె. నలుగురు నవ్వినా మనోళ్ల దిక్కు నిలబడి తీర్పు చెప్పినవ్. సదువుకో పో."

ఇప్పుడు పాల్వంచలోనే పాఠాలు చెబుతున్నాను. చర్చా పోటీ పెట్టినప్పుడల్లా, బహుమతులిచ్చాక పిల్లల్ని కూర్చోబెట్టి తీర్పు చెప్పమంటాను. (బస్సు పోతుందని గొణుగుతారు.) మొన్న ఒక విద్యార్థి తడబడుతుంటే నాకు తెలియకుండానే 'అవ్' అన్నాను, కుదుటపడి మాట పూర్తిచేశాడు. వెంటనే అతని ప్రత్యర్థికీ అన్నాను, అచ్చం మా మేనత్త గొంతుతో. ఆనాడు సగం మాటలు మరిచిపోయిన ఆ డిగ్రీ కుర్రవాడు అక్కడే ఎక్కడో వెనుక బెంచీలో కూర్చుని, నన్ను చూసి మూతి ముడుచుకునే ఉంటాడు.