నొక్కితే పలికే బుచ్చవ్వ

షామీర్‌పేట చౌరస్తాలో కంప్యూటర్ దుకాణం నడిపే జనార్ధన్‌కు ఒక్కటే జబ్బు. ఏ మాటైనా ఎవరి నోట పుట్టిందో తేలందే చెవిలోకి రానివ్వడు.

"మబ్బు వట్టింది, జల్దీ ఇంటికి పో," అని పక్క టిఫిన్ బండి మల్లేశం కేకేస్తే, "ఎవరన్నరు?" అంటాడు.

"నేనే అంటున్న."

"చూసి అంటున్నవా, ఎవరన్న చెప్తే అంటున్నవా?"

ఈ విచారణ ముగిసేసరికి ఇద్దరూ తడిసి ముద్దవుతారు.

తన మాటకూ అదే లెక్క. పెళ్లి భోజనంలో "పప్పుల ఉప్పు తక్కువైంది" అని ఊరుకోడు. "మా బామ్మర్ది ప్రవీణ్ అన్నడు, రెండో బంతిల, చెయ్యి కడుక్కుంట" అని కలుపుతాడు. ఆ మాట దెబ్బకు పాపం ప్రవీణ్ ఆ పెళ్లివారి గడప తొక్కక ఏడాదైంది.

పని కూడా జబ్బుకు తగినదే దొరికింది. చదువుకున్నవాళ్లు ఏ సంగతి ఏ పుస్తకంలో చూసి రాశారో వ్యాసం చివర పట్టిక పెడతారు. టైపు చేసి తెచ్చిన ఆ పట్టికను జనార్ధన్ వెబ్ పేజీగా మారుస్తాడు. అందులో పేరు నొక్కితే పుస్తకం తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే అతనికి ముద్ద దిగదు. ఒకసారి పుస్తకం దొరక్క కీసర దాకా పోయి, రాసినాయనను మధ్యాహ్నం నిద్ర లేపి, "సార్, గిది మీరే రాసిన్రా?" అని అడిగొచ్చాడు.

అలాంటివాడి చేతికి సుచిత్ర మేడం వ్యాసం చిక్కింది. తూంకుంట కొత్త కాలనీలో ఉండే ఈమె ఒక కాలేజీ వెబ్‌సైటు కోసం ఇక్కడి జొన్న వంటల మీద రాసింది. పట్టికలో పుస్తకాలన్నీ టకటకా తెరుచుకున్నాయి. చిట్టచివరి పేరు మాత్రం ఉలకలేదు, పలకలేదు: 'బుచ్చవ్వ, అలియాబాద్, నోటి మాట.'

బుచ్చవ్వేమో తన పేరు కంప్యూటర్‌లోకి ఎక్కుతోందని అప్పటికే ఊరంతా చాటింది. ప్లాట్లమ్మి కారు కొన్న ఇందిరమ్మకైతే, ఆ కారాపి మరీ వినిపించింది. ఇంతలో జనార్ధన్ ఆమె వాకిట్లో బండి దిగాడు.

"అవ్వా, జొన్న గటకల సల్ల వోసుకోవాల్నని మేడంకు నువ్వే చెప్పినవా?"

"నేనే చెప్పిన."

"నీకెవరు చెప్పిన్రు?"

"మా అత్త."

"ఆమెకు?"

"ఆమె అత్త. అందరు పైకి వోయిన్రు. పోయి అడిగొస్తవా, తోవ చూపిస్త."

"నువ్వు చెప్పింది నిజమేనని ఎట్ల తెలుస్తది?"

"తిను, తెలుస్తది."

రెండు గిన్నెలు తిని, నిజమేనని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత నీళ్లు నమిలాడు. "కాలేజోళ్లు ఒక మాటన్నరవ్వా. నొక్కితే తెరుచుకోని పేర్లు తీసెయ్యాల్నంట. నీదొక్కటే తెరుచుకుంట లేదు."

బుచ్చవ్వ చేతిలో గంటె ఆగింది. ఇందిరమ్మ ముసిముసి నవ్వు కళ్ల ముందు తిరిగింది.

"నా గటక మెక్కి నా పేరే తీస్తవా? గిన్నె ఆడ వెట్టి లే."

అతను ఇంకేదో చెప్పబోయాడు గాని గంటె లేచేసరికి బండెక్కాడు.

మర్నాడు సుచిత్ర వచ్చింది.

"అవ్వగారూ, ఆయన్ని తరిమేశారటగా. మీ పేరు తీయనని కాలేజీవాళ్లతో పోట్లాడుతోంది ఆయనేనండీ. పేరు తీస్తే మీరు చెప్పిన వంటలు కూడా తీయాలన్నాడు. అవి తీస్తే నా వ్యాసంలో ఉప్పు తప్ప ఏం మిగలదు."

"మరి గా పిచ్చోడు నాతోని చెప్పొద్దా?"

"మీరు చెప్పనిస్తేగా. ఇది మీకిమ్మన్నాడు."

అది మీటలున్న పాత డబ్బా ఫోను, జనార్ధన్ సొంతది. పట్టికలో బుచ్చవ్వ పేరు నొక్కితే ఇది మోగేలా చేస్తాడట, ఆమెకు ఇష్టమైతేనే.

"ఇందిరమ్మ పేరు నొక్కితే ఏం మోగుతది?"

"ఆవిడ పేరే లేదండీ."

"గట్లయితే పెట్టుమను."

రెండ్రోజులకు ఫోను మోగింది. అవతల కాలేజీ మనిషి. "పేరు పనిచేస్తుందో లేదో చూస్తున్నామండీ."

"మంచిగనే పనిజేస్తాంది. తీయమన్నది నువ్వేనా?"

"రూల్ అలా ఉందండీ."

"అన్నం తిన్నవా?"

"ఇంకా లేదండీ."

"అందుకే గా బుద్ధి పుట్టింది. జొన్న రవ్వ తీస్కో, చెప్త."

రవ్వ ఉడికింది, చల్ల పడింది, పచ్చిమిరపకాయ దాకా వచ్చింది. అవతలివాడు ఊఁ కొడుతూనే ఉన్నాడు. పేరు ఉంచుతున్నామని మధ్యలో రెండుసార్లు అన్నాడు. ఇంతలో జనార్ధన్ తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావాలో వద్దో తేలక గంటె ఎక్కడుందా అని చూస్తున్నాడు. బుచ్చవ్వ కంటితోనే పీట చూపించింది.

"ఇగ పొద్దుగూకినంక నొక్కు బిడ్డా," అంది ఫోనులో. "నా పేరు నిలవెట్టినోడు ఒచ్చిండు, అన్నం వెట్టాలె."