మడిమనిషి ముకుందం, పెట్టెలో చిట్టి

మా వీధిలో మడికి మారుపేరు ముకుందం గారు. తిరుపతిలో దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాక ఆయనకు మిగిలిన ఉద్యోగం స్నానమే. ఉతకని బట్ట తగిలితే స్నానం, కాకి రెక్క తగిలితే స్నానం. అలాంటి మనిషి ఇంటి వెనక వాటాలో దేవుడు ఒక కుక్కను కాపురం పెట్టాడు. దేవుడికి మాత్రం పొద్దుపోవద్దా?

నిజానికి కుక్కను తెచ్చింది దేవుడు కాదు, ఆ వాటాలో అద్దెకున్న నిర్మలమ్మ టీచరు. బస్టాండు దగ్గర కాలు విరిగి పడి ఉన్న కుక్కపిల్లను కొంగులో చుట్టుకొచ్చి, కట్టు కట్టి బతికించింది. చిట్టి అని పేరు పెట్టింది. లోకంలో ఇంతమంది ఉండగా ఆ చిట్టికి ముకుందం గారంటేనే ప్రాణం. ఆయన తడిబట్టతో బావి దగ్గర నుంచి వస్తుంటే కుంటుకుంటూ ఎదురొచ్చి తోకతో ఒక్కటి తగిలించేది. ఆయన మళ్లీ బావి దగ్గరికి. తానుగా దాన్ని ఏనాడూ తాకింది లేదు. ఒంటరి ఆడమనిషిని ఇల్లు ఖాళీ చేయమనడానికి నోరు రాక, పళ్లు నూరుకుంటూ నీళ్లు తోడుకునేవారు.

ఎనభై నాలుగులో నిర్మలమ్మకు పోర్ట్ బ్లెయిర్‌లో, ఉండడానికి ఇంటితో సహా, బడి ఉద్యోగం వచ్చింది. మెదరాసు నుంచి విమానంలో పోవాలి. కుక్కను చెక్కపెట్టెలో పెట్టి సామానుతో పాటు పంపవచ్చు గానీ, అరిచినా పెట్టె గీరినా ఎక్కించరని టికెట్లాయన చెప్పాడు. చిట్టిని గదిలో పెట్టి తలుపు వేస్తే వీధి వీధంతా వినేలా ఏడుస్తుంది.

"అది రాకుంటే నేనూ పోను స్వామీ. ఈడనే ఉండిపోతాను" అంది నిర్మలమ్మ.

ముకుందం గారికి గుండె గుభేలుమంది. "అట్ల అనొద్దమ్మా! దానికి నేను నేర్పిస్తాను" అన్నారు. ఇంత స్వార్థపరుడైన గురువు ఏ కుక్కకూ దొరికి ఉండడు.

మామిడికాయల పెట్టెల చెక్కలతో పెట్టె చేయించారు. తాకకుండా తిండి పెట్టాలి గనక పొడుగాటి వెదురుకర్రకు గరిటె కట్టారు. దూరంగా నిలబడి పెరుగన్నం అందించేవారు. చిట్టి పడుకుంటే గరిటె ముందుకు, లేచినా మూలిగినా వెనక్కి. మొదట తలుపు తీసి ఉంచి, తర్వాత సగం మూసి, ఆ తర్వాత పూర్తిగా గడియ వేసి. రోజూ చదివే పాశురాలు కూడా ఆ పెట్టె ముందరే పీట వేసుకుని చదవడం మొదలుపెట్టారు.

"దాని కోసం కాదు, నా పారాయణం నేను చేసుకుంటా ఉండాను" అనేవారు భార్య పెరుందేవితో.

"అవునవును. కానీ ఇంట్లో వినేది అదొక్కటే" అనేది ఆవిడ.

అరుగు మీద పాఠం అయ్యాక చప్పుళ్ల పాఠం. పెట్టెను పిండిమర పక్కన పెట్టించారు. అది చాలక బస్సు టాపు మీద వేసి, నగరిలో తెలిసినవాడైన వెంకటముని మగ్గాల షెడ్డుకు తీసుకెళ్లారు. పవర్‌లూములు చెవులు పగిలేలా మోగుతున్నాయి. చిట్టి ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి, గరిటె కేసి చూస్తూ హాయిగా పడుకుంది.

"మావోళ్లకి గూడా ఈ ఓపిక నేర్పించు సామీ" అన్నాడు వెంకటముని. ఆ పూట ముకుందం గారి గర్వం చూడాల్సిందే. కొడుకు కలెక్టరైనా అంత పొంగిపోరు.

మెదరాసుకు నేనూ వెంట వెళ్లాను, వేడుక చూద్దామని. విమానాల చోట సామాను చూసే ఆఫీసరు మన పుత్తూరు వాడే. పెట్టె మీదికి వంగి చూశాడు. చిట్టి కదల్లేదు. పెట్టె తట్టాడు. తోక కూడా ఆడించలేదు.

"ఏందమ్మా ఇది, ఉలకదు పలకదు? జబ్బు కుక్కని ఎక్కించేది లేదు" అన్నాడు.

పక్కనే ఎవరో గొప్పవాళ్ల అల్సేషన్ గొంతు చించుకుంటోంది. దానికి అప్పుడే విమానం ఎక్కించే చీటీ కట్టేశారు. అరిచేదాన్ని ఎక్కిస్తారా అని నేను తగులుకున్నాను. "అది బాగుండాది, కాబట్టే అరస్తా ఉండాది" అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మా పని.

నిర్మలమ్మ పేరు పెట్టి పిలిచింది, చప్పట్లు కొట్టింది. పెట్టెలో ఉంటే కదలకూడదని గురువుగారు చెప్పారు, కదలకూడదంతే. చిట్టి చెవులు మాత్రం రిక్కించి ముకుందం గారినే చూస్తోంది. నిర్మలమ్మ కళ్లు తుడుచుకుని, "ఇంటికే పోదాం స్వామీ. నాకీ ఉద్యోగం రాసిపెట్టి లేదు" అంది.

ముకుందం గారు తన కుడిచెయ్యి ఒకసారి చూసుకున్నారు. తర్వాత పెట్టె గడియ తీసి, ఆ చెయ్యి లోపల పెట్టి, చిట్టి తల మీద ఆనించారు.

చిట్టి ఎగిరి లేచింది. కుయ్యిమని, భౌమని, ఆయన చెయ్యి మోచేతి దాకా నాకేస్తూ పెట్టెనంతా ఊపేసింది. ఆఫీసరు నవ్వి చీటీ కట్టేశాడు.

"సరే, చెయ్యి తీయండి స్వామీ. పెట్టె మూయాల" అన్నాడు.

ముకుందం గారు చిట్టి చెవుల వెనక నిమురుతూనే ఉన్నారు. "ఉండప్పా! ఒకసారి తాకినా వందసార్లు తాకినా స్నానం ఒకటే గదా" అన్నారు.