చెవుల్లో దూది

ఆసుపత్రివాళ్ళు అచ్చువేసిన పరిశోధన ఫలితాల్లో ఒక వాక్యం ఉంది: "ఒకరికి చూపు తగ్గింది." ఆ ఒకరు మా అన్నయ్య. ఆ వాక్యం తప్పు. తప్పని రాసినవాళ్ళకీ తెలుసు, తెలిసీ అలాగే ఉంచారు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే మా అన్నయ్య సంగతి నేనే చెప్పదలుచుకున్నాను.

అన్నయ్య పేము కుర్చీలు అల్లుతాడు. ఏళ్ళ తరబడి జనం కూర్చోగా కూర్చోగా నడుమ గుంట పడ్డ కుర్చీలు మా ఇంటికి వస్తాయి. పాత అల్లిక కోసేసి, కొత్త పేము బద్దల్ని బకెట్లో నానబెట్టి, చట్రానికున్న చిల్లుల్లోంచి ఒక్కొక్కటే లాగి బిగిస్తాడు. మా ముందుగదిలో సగం తన కుర్చీలు, సగం నా కుట్టుమిషను. పేము ముక్కలు నా కాళ్ళకి గుచ్చుకుంటున్నాయని నేనూ, నా దారప్పోగులు తన బకెట్లో పడుతున్నాయని తనూ రోజూ పోట్లాడుకుంటాం. తన పెళ్ళి ఊసెత్తితే మాత్రం, "ఈ ఇంటికి నీ ఒక్క నోరు చాలదూ?" అనేవాడు.

అన్నయ్యకి చిన్నప్పుడే రేచీకటి పట్టుకుంది. తర్వాత పక్కచూపు పోయింది. తలుపు సందులోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కొన్నాళ్ళు కనబడింది, ఆ సందూ మూసుకుంటూ వచ్చింది. నలభై దాటేసరికి ఎడమకన్ను పూర్తిగా చీకటి. కుడికంట్లో కిటికీ ఎటుందో తెలిసేపాటి వెలుతురు మిగిలింది. కంటి వెనక రెటీనా అనే పల్చటి పొర ఉంటుందట. అందులో వెలుతురుని పట్టుకునే కణాలు చచ్చిపోతున్నాయనీ, ఇది పుట్టుకతో వచ్చిన జబ్బనీ, మందు లేదనీ చెప్పి పంపించేశారు.

చూపు పోతున్నకొద్దీ అన్నయ్య ఇంకోటి నేర్చుకున్నాడు. నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేస్తాడు. ఆ చప్పుడు ఎదుట ఉన్నదానికి తగిలి తిరిగొస్తుంది, దాన్నిబట్టి గోడ ఎంత దూరంలో ఉందో, గోడో మనిషో కూడా చెప్పేస్తాడు. వీధిలో వాళ్ళు గబ్బిలం అని పేరు పెట్టారు. నేను వాళ్ళ మీదికి కయ్యానికి వెళ్తే అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "ఊరుకోవే. గబ్బిలం గోడకి గుద్దుకోవడం ఎప్పుడైనా చూశావా?" అని తనే ఆ పేరుకి మురిసిపోయేవాడు.

అలాంటి రోజుల్లో ఆసుపత్రిలో మూలకణాల పరిశోధన మొదలైందని తెలిసింది. మూలకణమంటే, తను ఏ కణంగా మారాలో ఇంకా తేల్చుకోని కణమట. దాన్ని ప్రయోగశాలలో రెటీనా కణంగా పెంచి, సన్నటి సూదితో కంటి వెనక పొర కింద పెడతారు. అక్కడ అతుక్కుని బతికితే కొంత చూపు రావచ్చు. "రాకపోవచ్చు కూడా. ఇది వైద్యం కాదండీ, పరిశోధన. ఆశ పెట్టడం నాకిష్టం లేదు" అంది ఆ పరిశోధన నడిపే డాక్టరమ్మ, ముక్కుసూటిగా. ఆ మాటకి ఆవిడ మీద గౌరవం కలిగింది. ఆ గౌరవం ఇప్పటికీ కొంచెం ఉంది, అదే నా బాధ.

వాళ్ళ నియమం ఇది. ముందు బాగా చెడిన కంట్లో కణాలు పెడతారు. ఏడాది ఆగి పరీక్ష చేస్తారు. ఆ కంటి చూపు మునుపటికంటే తగ్గకుండా ఉంటే రెండో కంటికీ చేస్తారు, తగ్గితే అక్కడితో ఆపేస్తారు. అన్నయ్య ప్రాణమంతా ఆ రెండో కంటి మీదే ఉంది. కుడికంట్లో మిగిలిన కాస్త వెలుతురూ ఆరిపోకముందే అక్కడా కణాలు పడాలి.

ఆపరేషనుకి ముందు మొదటి పరీక్ష పెట్టారు. మసకవెలుతురు ఉన్న గది, నిండా స్పాంజి దిమ్మలు, పైనుంచి వేలాడే అట్టలు. కుడికంటికి గంత కట్టి, వేటికీ తగలకుండా ఈ చివరనుంచి ఆ చివరకి నడవమన్నారు. అన్నయ్య చొక్కా సర్దుకుని, టక్కుటక్కుమంటూ, పెళ్ళిలో పీటల మీదికి వెళ్ళే పెద్దమనిషిలా నడిచి వెళ్ళిపోయాడు. ఒక్క దిమ్మకి తగిలితే ఒట్టు. అట్టల కింద వంగాడు కూడా.

పరీక్ష చేసే ఆవిడ చప్పట్లు కొట్టింది. "చూపున్నవాళ్ళే ఇంత బాగా నడవలేదండీ! ఎడమకంట్లో చాలా చూపు మిగిలుందే" అంది.

"చూపు కాదమ్మా, చెవులు. నాలుక చప్పుడు వినలేదూ?" అన్నాను.

"అది రాయడానికి ఈ ఫారంలో గడి లేదండీ" అని నవ్వింది. అన్నయ్య కూడా నవ్వాడు. పదిమందిలో మెప్పు దొరికిన మనిషి, నవ్వడూ మరి.

ఎడమకంట్లో కణాలు పెట్టారు. నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను తెల్లగుడ్డ దులుపుతుంటే అన్నయ్య చేతిలో బద్ద ఆగిపోయింది. "ఏంటే అది, ఎగురుతోంది?" అన్నాడు. కుడికన్ను అరచేత్తో మూసుకుని ఉన్నాడు. గుడ్డ మళ్ళీ దులిపాను. మళ్ళీ కనబడింది. చేతులు నొప్పెట్టేదాకా దులుపుతూనే ఉన్నాను.

చిత్రం ఏంటంటే, అప్పటినుంచే అన్నయ్య తగులుకుంటూ నడవడం మొదలైంది. తలుపు అంచు తెల్లగా కనబడితే అటే చూస్తూ నిలబడిపోతాడు, అది దగ్గరో దూరమో పోల్చుకోలేడు. నాలుక చప్పుడు చెయ్యడం మరిచిపోతాడు. చెయ్యి చాస్తే అందదు, అడుగేస్తే నుదురు కొట్టుకుంటుంది. మోకాళ్ళ కింద రోజుకో కొత్త దెబ్బ. "ఇది పసిపిల్లాడి కన్నే, నడక నేర్చుకోవాలి" అనేవాడు.

ఏడాది పరీక్ష దగ్గరపడింది. గదిబయట బెంచీ మీద కూర్చున్నాం. అన్నయ్య చెవిలో గొణిగాను. "అన్నయ్యా, లోపలికి వెళ్ళగానే కళ్ళు మూసేసుకో. పాత పద్ధతిలో టక్కుటక్కుమంటూ వెళ్ళిపో. ఒక్కదానికీ తగలవు. రెండో కన్ను మనదవుతుంది."

అన్నయ్య నావైపు తిరిగాడు. "కన్ను ఇచ్చినవాళ్ళ ఎదుట కళ్ళు మూసుకుని నడవమంటావా? ఇన్నాళ్ళూ మూసుకునే ఉన్నాను కదే!"

"నీ నిజాయితీ తగలెయ్య! ఒక్కసారికి!"

"కనబడుతుంటే కనబడనట్టు ఎలా నడుస్తాను? నావల్ల కాదు."

కుడికంటికి గంత కట్టించుకుని, ఎడమకన్ను తెరుచుకునే వెళ్ళాడు. రెండడుగులు వేసి, తెల్లటి దిమ్మ దగ్గర ఆగి, వంగి, దాని అంచునే చూస్తూ నిలబడ్డాడు. తర్వాతి దిమ్మకి మోకాలు తగిలింది. అట్ట నుదుటికి కొట్టింది. చివరికి చేరేసరికి పరీక్ష చేసే ఆవిడ ఈసారి చప్పట్లు కొట్టలేదు. తలొంచుకుని రాసుకుంది.

డాక్టరమ్మ గదిలోకి పిలిచింది. కంటి ముందు చెయ్యి ఊపితే ఇప్పుడు తెలుస్తోందనీ, అది మంచి గుర్తేననీ, కానీ పరిశోధనలో అసలు కొలత నడకేననీ, నడకలో తగ్గిందనీ అంది. తగ్గింది కాబట్టి రెండో కన్ను లేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను కుట్టుపని చేసుకునేదాన్ని, నాకు తెలిసిన కొలతలో చెప్తాను, వినండి. ఒకడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని కొలతలిచ్చాడు. చొక్కా బిగుతైంది. వాడు లావెక్కాడని రాసేస్తారా? అప్పుడు చెవులతో నడిచాడు, ఇప్పుడు కంటితో నడిచాడు. ఆరోజే మొత్తుకున్నాను, ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇప్పుడైనా చెవుల్లో దూది పెట్టి నడిపించండి. అప్పుడూ తగిలితే నేనే నోరు మూసుకుంటాను."

డాక్టరమ్మ నావైపు తిరిగి, "మీరన్నది నిజమే అయి ఉంటుంది. కానీ ఆపరేషనుకి ముందు దూది పెట్టి కొలవలేదు కదండీ. ఇప్పుడు పెడితే దేంతో పోల్చాలి? ఒక్కరికోసం మధ్యలో పరీక్ష మారిస్తే మిగతా అందరి ఫలితాలూ పనికిరాకుండా పోతాయి" అంది. ఆగి, ఓదార్పుగా మరోమాట అంది. "మీ అన్నగారివల్ల మాకొకటి తెలిసింది. వచ్చే పరిశోధనలో అందరికీ చెవులు మూసే నడిపిస్తాం."

"అయితే అందులో మా అన్నయ్యని చేర్చుకోండి."

"కుదరదండీ. ఒకసారి కణాలు పెట్టించుకున్నవాళ్ళు అందులోకి రారు."

ఏం న్యాయమండీ ఇది! తప్పు వాళ్ళ గదిలో ఉంది, శిక్ష మా అన్నయ్య కంటికి పడింది. ఆవిడ చెప్పిన కారణం నాకు అర్థం కాక కాదు. అర్థమైంది కాబట్టే ఇంకా మండింది. చెడ్డవాళ్ళయితే తిట్టి చేతులు దులుపుకునేదాన్ని.

అన్నయ్య మాత్రం లేచి, డాక్టరమ్మకి దణ్ణం పెట్టి, "ఆ దిమ్మ అంచు భలే తెల్లగా ఉందండీ" అన్నాడు.

ఈమధ్యే కుడికన్ను పోయింది. పొద్దున లేచి కుడికంటితో చూసుకుని, "చెల్లీ, కిటికీ లేదే" అన్నాడు. పేము నానబెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. నేను ఫోను చేస్తే డాక్టరమ్మ నిజంగానే బాధపడింది. ఎడమకంటితో ఇప్పుడు బాగా నడుస్తున్నాడు, వచ్చి చూడమన్నాను. ఇంట్లో చూసింది లెక్కలోకి రాదంది.

లెక్కలోకి రాకపోతే పోనీ. నిన్న అన్నయ్య తనే అన్నాడు, కుర్చీలన్నీ అడ్డదిడ్డంగా పెట్టమని. పెట్టాను. కిటికీకి పాత దుప్పటి కట్టి వెలుతురు తగ్గించాను. పైనుంచి తాళ్ళకి అట్టలు కూడా వేలాడదీశాను. అన్నయ్య రెండు చెవుల్లోనూ దూది కుక్కుకున్నాడు. నాలుక కదలకుండా పళ్ళ మధ్య పేము ముక్క కరుచుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని బయల్దేరాడు. మెల్లగా, మెడ అటూ ఇటూ తిప్పుతూ, ఒక్కో కుర్చీ దగ్గరా ఆగి, పక్కకి తప్పుకుంటూ నడిచాడు. అట్టల దగ్గర వంగాడు. నా మిషను దాకా వచ్చి ఆగి, నోట్లో ముక్క తీసేశాడు.

"ఎన్నిటికి తగిలాను?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు, చెవుల్లో దూది ఉందన్న సంగతి మరిచిపోయి.

"ఒక్కదానికీ తగల్లేదు" అన్నాను. వినబడలేదు. మళ్ళీ అరిచాడు. అప్పుడు తన ఎదురుగా నిలబడి చెయ్యి అడ్డంగా ఊపాను.

"ఒక్కటీ లేదా!" అన్నాడు అన్నయ్య.