కొమురెల్లి చెప్పిన కాకి కథ

మా ఆయన కొమురెల్లి నాచారంలో రబ్బరు కంపెనీలో పని చేసేవాడు. డ్యూటీ దిగొచ్చి చిల్కానగర్‌లో మా గడప మీద కూర్చుంటే చాలు, గల్లీ పిల్లలంతా చుట్టూ చేరేవాళ్లు. ఆయనకు వచ్చింది ఒకటే కథ. వానకు కాకి పేడ ఇల్లు కరిగిపోతుంది. తడుస్తూ వచ్చి పిచ్చుక తలుపు కొడుతుంది. పిచ్చుక తీస్తుంది. కాకి లోపలికొచ్చి పిచ్చుక దాచుకున్న శనగలన్నీ తినేసి పోతుంది. అంతే.

పక్కింటి కమలకుమారిగారిది కాకినాడ వైపు. ఒకరోజు ఉండబట్టలేక అడిగారు.

"అదేంటి అన్నయ్యగారూ! మా వైపు పిచ్చుక అట్లకాడ కాల్చి కాకికి వాత పెడుతుంది. దొంగకి శిక్ష పడకపోతే ఇంక నీతేముందండీ?"

"మా కంపెనీల బీహారాయన ఇంకో తీరు జెప్తడు చెల్లే. ఆళ్ల పిచ్చుక తలుపే తియ్యదంట, కాకి సలికి సస్తదంట," అని ఆయన నవ్వాడు. "ఎవల నీతి ఆళ్లది."

"మరి శనగలో?" అన్నాను నేను.

"ఆకలైంది, తిన్నది. గదేం దొంగతనమే?"

పోయిన నెల ఆయన గుండె ఆగి పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టడానికి శ్మశానానికి వెళ్లాం. ఆయనకిష్టమైన మటన్, అన్నం విస్తరిలో, పక్కన కల్లు పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు.

శ్మశానం గోడ మీద వాలిన కాకి కిందికి దిగలేదు.

"వదినా, అన్నకేదో మనసుల ఉన్నది. మాటియ్యి," అన్నాడు మరిది బాలరాజు.

బిడ్డ రాణిని చదివిస్తానన్నాను. ఇల్లు అమ్మనన్నాను. కాకి కదల్లేదు. ఆయనకేం కావాలో నాకే తెలియదా అని సిగ్గేసింది.

ఇంతలో పావురాలు గుంపుగా దిగి విస్తరి మీద పడ్డాయి. బాలరాజు రాయి అందుకున్నాడు. కొడితే ఆయన ఏమంటాడు? కొట్టకపోతే కాకికేం మిగులుతుంది?

"కొట్టకు," అన్నాను.

"గదేందే! నీ పెనిమిటి బువ్వ పావురాలు తింటుంటే సూస్తనే ఉంటవా?" అని ఆయన మేనత్త సారలమ్మ కసిరింది.

"ఆకలైంది, తింటున్నయి." ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో!

"ఇగ నడువుండ్రి. ఎనకకు సూడొద్దు," అంది సారలమ్మ.

నాలుగడుగులు వేశామో లేదో, వెనక కాకి అరిచింది. ముట్టి అరిచిందో, ఏమీ మిగల్లేదని అరిచిందో. తిరిగి చూడకూడదు కదా.

రాణి నా కొంగు పట్టుకుంది. "అమ్మా, నాయిన తిన్నడా?"

"తెల్వదు బిడ్డా," అన్నాను.