అక్క ఇంటికి పోనీ, భయ్యా

ఢిల్లీ విమానాశ్రయం బయట హోటలువాళ్ళు పంపిన కారెక్కి కూర్చోగానే డ్రైవరు వెనక్కి తిరిగి, చిన్న పళ్ళెంలో చుట్టి పెట్టిన చల్లటి తడి టవలు అందించాడు. నిమ్మకాయ వాసన. అంటే పులిహోరలో పిండుకునే నిమ్మకాయ కాదు, సీసాలో పుట్టి సీసాలోనే పెరిగిన నిమ్మకాయ. దాన్ని చెంపకి ఆనించుకున్నానో లేదో, నా ఉద్యోగం, నా వయసు, పొద్దున మీటింగు కోసం బట్టీ పట్టిన అంకెలు అన్నీ జారిపోయి, ఊలు స్వెటర్‌లో పదేళ్ళ పిల్లనై కూర్చున్నాను. ఇన్నేళ్ళయినా ఆ వాసనకి నా కడుపు మండుతూనే ఉంటుంది.

అప్పట్లో మేం మయూర్ విహార్‌లో మూడో అంతస్తు మీద రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. మెట్రో ఇంకా మా వైపు రాలేదు. కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేసే నాన్న, చలికాలం పొగమంచులో మఫ్లర్ చుట్టుకుని బస్సు ఫుట్‌బోర్డు మీద ఎక్కి వెళ్ళి, సాయంత్రం జేబునిండా వేయించిన పల్లీలతో వచ్చేవాడు. వేసవంతా కూలరులో తడిసిన గడ్డి వాసన, చలికాలమంతా డాబా మీద ఎండలో పరిచిన రజాయిల వాసన, నువ్వుల పట్టీలాంటి గజక్, ఎర్రటి క్యారెట్ల హల్వా, ఊలు అల్లుతూ కబుర్లాడే పంజాబీ ఆంటీల మధ్య మా అమ్మ ఒక్కతే గుమ్మడి వడియాలు పెడుతూ, కాకుల్ని ఒంగోలు తెలుగులో తిట్టడం. "పోవే, నీకీడేం పని!" అనేది. ఢిల్లీ కాకులకి తెలుగు రాదమ్మా అని నేను ఏడిపిస్తే, "తిట్లయితే ఏ బాషైనా అర్థమవుద్దిలే" అనేది.

ఆ ఇంట్లోకి శీను మావయ్య వచ్చాడు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. పెద్ద పరీక్ష రాసి కలెక్టరై తీరతానని, రేకుపెట్టె, పరుపుచుట్ట, ఆవకాయ జాడీతో రైలు దిగి, మొదట బేర్ సరాయ్‌లో గది తీసుకున్నాడు. మంచం వేస్తే తలుపు తెరుచుకోని గది అది. మెస్సులో నీళ్ళ పప్పు తిని నెలకే కామెర్లు తెచ్చుకున్నాడు. చదివింది చాలు, ఊరికొచ్చెయ్యమని తాతయ్య కేకలేస్తే, అమ్మ మా సందు చివరి టెలిఫోన్ బూతులో నిలబడి, "వాడు నా కాడుంటాడు నాన్నా, ఇంకేం మాట్టాడబాక" అని ఫోను పెట్టేసింది. తాతయ్యకి ఎదురు మాట్లాడటం అమ్మ జన్మలో అదే మొదలు, అదే ఆఖరు. ఆ రోజునుంచి నా మంచం మావయ్యదైంది, నేను అమ్మానాన్నల మధ్యకి మారాను. రెండేళ్ళు కామెర్లకి పథ్యమని, పరీక్షకి బలమని, అమ్మ అతనికి వేరే వండింది.

నాకు మాత్రం పండగే. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది మావయ్యే. బళ్ళో హిందీ, సందులో హిందీ, ఇంట్లో అమ్మ తెలుగులో అడిగితే కూడా హిందీలో జవాబు చెప్పే నన్ను కూర్చోబెట్టి, పాత పేపర్ల అంచుల మీద 'అ' నుంచి 'ఱ' దాకా దిద్దించాడు. ఆదివారం నోట్సులు జిరాక్సు తీయించడానికి బేర్ సరాయ్ వెళ్తూ నన్నూ తీసుకెళ్ళేవాడు. జిరాక్సు మిషను వేడి వాసన, పక్కన కడాయిలో బ్రెడ్ పకోడీ వాసన, నెత్తి మీద కిందకి దిగే విమానాలు. "చూడు బుజ్జమ్మా, కొంగ కాళ్ళు చాపినట్టు చాపతంది" అని చక్రాలు చూపించేవాడు. మా ఇద్దరిలో ఎవరమూ అప్పటిదాకా విమానం ఎక్కలేదు.

అక్కడే మా ఆట పుట్టింది. ఇంటికి రాగానే రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసేవాళ్ళం. ముందు కుర్చీలో స్టీలు పళ్ళెం తిప్పుతూ టాక్సీ డ్రైవరు నేను. వెనక, అమ్మ కూరల సంచీ పక్కన పెట్టుకుని, విమానం దిగిన కలెక్టరు మావయ్య. "కహాఁ చలేఁ, సాబ్?" అని నేను గొంతు బొంగురు చేసి అడగాలి. అతను కాలు మీద కాలేసుకుని, "అక్క ఇంటికి పోనీ, భయ్యా" అనాలి. ఇక నేను దారి అప్పజెప్పాలి. మహిపాల్‌పూర్, ధౌలా కువాఁ, అక్కడ కుడికి తిరిగి మోతీబాగ్, లాజ్‌పత్ నగర్, ఆశ్రమ్, యమున మీద వంతెన, మా ఇల్లు. ఒక్క పేరు తప్పినా మళ్ళీ మహిపాల్‌పూర్ నుంచి మొదలు. వంటింట్లోంచి అమ్మ, "దిగండి దిగండి, చారు చల్లారిపోతంది" అంటే ప్రయాణం పూర్తయినట్టు.

"నేను నిజంగా విమానంలో వచ్చిననాడు నువ్వు తెలుగులో బోర్డు పట్టుకోని నిలబడాల. అంతమందిలో నాకొక్కడికే అర్థమవ్వాల" అని ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ ఒట్టు నేను పెట్టింది. అడిగింది అతను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, లేకపోతే నేను మరీ మొద్దుపిల్లని అనుకుంటారు. మా ఇంట్లో హోటలంటే తినే చోటు. ఒంగోలు బస్టాండు ఎదురుగా నాన్న అట్టు తినిపించేది హోటలు, ఢిల్లీలో ఏడాదికి రెండుసార్లు కరోల్‌బాగ్ వెళ్ళి ఇడ్లీ తినేది మద్రాసు హోటలు. ఊరు కాని ఊళ్ళో ఎవరూ లేనివాళ్ళు దిగేది లాడ్జి. హోటల్లో పడుకుంటారని పదేళ్ళ దాకా నాకెవరూ చెప్పలేదు.

మావయ్య పరీక్ష నెగ్గలేదు. హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో చేరాడు, పైకొచ్చాడు. మూడేళ్ళు ఫోన్లే. ఒక జనవరిలో, "ఆఫీసు పని మీద విమానంలో వస్తన్నా అక్కా" అని కబురు. అమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎవరో రైల్లో తెచ్చిన గోంగూర తడిగుడ్డలో చుట్టి దాచింది. నాన్న చేత ఐఎన్ఏ మార్కెట్ అంతా తిప్పించి చిన్నుల్లిపాయలు తెప్పించింది. సున్నుండలు చుట్టింది. నా మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, దాని మీద నన్ను కూర్చోనివ్వలేదు. నేను చీరల డబ్బా మూత కోసి, స్కెచ్ పెన్నులన్నీ అరగదీసి 'శీను మావయ్య' అని రాశాను. చివరి 'య్య'కి చోటు చాలక యవత్తు అంచుమీద వాలిపోయింది.

నాన్న కూడా ఆ రోజు తగ్గలేదు. మా టాక్సీ స్టాండు సర్దార్జీ అంబాసిడర్ మాట్లాడి, ఎవరి పెళ్ళిదో మిగిలిన బంతిదండ అద్దానికి కట్టించాడు. తొమ్మిదింటి విమానం పొగమంచువల్ల పన్నెండు దాటాక దిగింది. అన్ని గంటలూ ఇనుప రెయిలింగు పట్టుకుని, వేళ్ళు కొంకర్లు పోతున్నా బోర్డు దించలేదు నేను. పక్కన సూట్లు వేసుకున్న డ్రైవర్లు ఇంగ్లీషు బోర్డులతో నిలబడ్డారు. వాటిలో ఒకదాని మీద మావయ్య పూర్తి పేరు ఉంది. అదే పేరున్న ఇంకో మనిషి కాబోలనుకున్నాను.

మావయ్య వచ్చాడు. కోటు, టై, చక్రాల సూట్‌కేసు. పక్కన తెల్లజుట్టు పెద్దమనిషి, అతని పైఅధికారి. నేను బోర్డు నెత్తికెత్తి, "మావయ్యా!" అని అరిచాను. అతను చూశాడు. చూసి, నేరుగా ఇంగ్లీషు బోర్డు దగ్గరకెళ్ళి డ్రైవరుకి సూట్‌కేసు అప్పగించి, ఆ తర్వాత మా వైపు వచ్చాడు. నాన్న చేతులు చాచేలోపే, వెనకనున్న పెద్దమనిషితో ఇంగ్లీషులో, "మా ఊరివాళ్ళు, సర్" అన్నాడు.

మా ఊరివాళ్ళు! రెండేళ్ళు ఇంట్లో పెట్టుకుని, తన స్వెటర్ అతనికి తొడిగి తను పాతది వేసుకుని ఆఫీసుకెళ్ళిన బావ, ఊరివాడట. నాన్నకి ఇంగ్లీషు రాదనా? ప్రభుత్వంలో పొద్దస్తమానం రాసేది ఇంగ్లీషే కదా. నాన్న చాచిన చేతులు రెండూ కలిపి ఆ పెద్దమనిషికి నమస్కారం పెట్టాడు.

"ఆఫీసువాళ్ళు బండి పంపారు బావా. ముందు హోటల్‌కి పోవాల" అన్నాడు మావయ్య గొంతు తగ్గించి. నాన్నకి అర్థమైంది. నాకు మాత్రం అట్టు కళ్ళ ముందు కదిలింది. అమ్మ అంత వండితే హోటలేమిటని అనిపించినా, నేను కూడా వస్తానని చెయ్యి పట్టుకున్నాను. పెద్దమనిషి నవ్వి ఎక్కమన్నాడు. "పోనీలే, నేను వెనకాలే వస్తా" అన్నాడు నాన్న. కారెక్కగానే మావయ్య నా చేతిలోంచి బోర్డు తీసుకుని, రాతలు లోపలికి పోయేలా మధ్యకి మడిచి, కాళ్ళ కింద పెట్టాడు. డ్రైవరు తడి టవళ్ళు ఇచ్చాడు, నిమ్మకాయ వాసన. అమ్మకి చూపిద్దామని నాది జేబులో కుక్కుకున్నాను.

మహిపాల్‌పూర్ వచ్చింది. లోపల్లోపలే అప్పజెబుతున్నాను. ధౌలా కువాఁ దగ్గర కారు కుడికి తిరగకుండా నేరుగా పోయింది. "భయ్యా, రైట్ లేనా థా!" అని అరిచాను. పెద్దమనిషి పకపకా నవ్వి, దారులు బాగా తెలుసే, ఈయన నీకేమవుతాడని ఇంగ్లీషులో అడిగాడు. నేను బళ్ళో చెప్పినట్టు పూర్తి వాక్యంలో జవాబిచ్చాను. మా అమ్మకి సొంత తమ్ముడు, నా మంచం మీద రెండేళ్ళు పడుకున్నాడు. "అచ్ఛా?" అన్నాడాయన, మావయ్య వైపు తిరిగి. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

పెద్ద వాకిలి, తలపాగా కట్టిన కాపలామనిషి, గాజు తలుపులు. పెద్దమనిషి లోపలికెళ్ళాడు. డిక్కీ తెరిచి సూట్‌కేసు దించుతుంటే అప్పుడడిగాను.

"మావయ్యా, టిఫిన్ తినడానికి సూట్‌కేసెందుకు?"

"ఈడే దిగుతున్నా బుజ్జమ్మా. కంపెనీ బుక్ చేసింది."

"మరి అమ్మ?"

"సాయంత్రం చూస్తాలే. నువ్వు నాన్నతో పో" అని నా బుగ్గ తట్టి గాజు తలుపుల్లోకి వెళ్ళిపోయాడు. మడిచిన బోర్డు కార్లోనే ఉండిపోయింది. నాన్న వచ్చి నన్ను ఎక్కించుకున్నాక సర్దార్జీ దండ సవరిస్తూ, "మెహమాన్ కిధర్ హై, సాబ్?" అని చుట్టం ఏడని అడిగాడు. "ఆయే నహీఁ" అన్నాడు నాన్న, రాలేదని. మోతీబాగ్, లాజ్‌పత్ నగర్, ఆశ్రమ్, వంతెన, అన్నీ వరసగా వచ్చాయి. నేను ఒక్కటీ అప్పజెప్పలేదు.

మూడో అంతస్తు గుమ్మంలో అమ్మ పట్టుచీర కట్టుకుని నిలబడి ఉంది. మా వెనక మెట్లకేసి చూసింది, ఇంకా చూసింది. నాన్న ఏదో మీటింగని గొణిగి లోపలికెళ్ళి బట్టలు మార్చుకున్నాడు. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, నా మఫ్లర్ విప్పుతూ, నాన్నకి వినపడకుండా అడిగింది.

"నా గురించి అడిగాడా?"

అడగలేదు. నాన్ననీ అడగలేదు, నన్నూ అడగలేదు, అక్క ఎట్టుందన్న రెండు ముక్కలకి అతని నోరు రాలేదు. "అడిగాడమ్మా. విమానం దిగంగానే ముందు నీ గురించే అడిగాడు" అన్నాను. అబద్ధమాడినా గోడ కట్టినట్టుండాలంటారు. పదేళ్ళకే కట్టాను, అది ఇప్పటికీ బీట తీయలేదు. అమ్మ ముఖం విచ్చుకుంది. ఆ సాయంత్రం అతను రాలేదు, తెల్లారే విమానమని ఫోను చేశాడు. చిన్నుల్లిపాయల పులుసు మేం ముగ్గురం రెండు రోజులు తిన్నాం. "పాపం, పిల్లోడికి తీరికెక్కడిది" అని అమ్మ వడ్డించినప్పుడల్లా అంది. నాకు పళ్ళెం విసిరికొట్టాలనిపించింది.

ఇప్పుడు నాకూ పైఅధికారి ఉన్నాడు. ఆయన పక్కన నడిచేటప్పుడు మెడ ఎలా బిగుసుకుంటుందో నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన క్షమించాలని ఎక్కడా రాసిలేదు. ఆ రెయిలింగు లేదు, అంబాసిడర్లు లేవు, డ్రైవర్లు అట్టల మీద పేర్లు రాయడమూ తగ్గింది, కారు నంబరు ఫోనుకే వస్తుంది. అమ్మానాన్నలు రిటైరయ్యాక ఒంగోలు చేరారు. మావయ్య మాత్రం బదిలీ మీద వచ్చి ఢిల్లీ అంచున ఇందిరాపురంలో ఫ్లాటు కొనుక్కుని ఉండిపోయాడు. నేను ఢిల్లీ వస్తున్నానని తెలిస్తే చాలు, "ఇంటికి రా బుజ్జమ్మా" అని మెసేజీ, ఈ మధ్య తెలుగు అక్షరాల్లోనే పెడుతున్నాడు. కంపెనీ బుక్ చేసింది మావయ్యా, అని జవాబిస్తాను. కక్షా అంటే కక్షే.

కారు ధౌలా కువాఁ దాటి నేరుగా పోతుండగా అమ్మ ఫోను చేసింది.

"దిగావా? ఎక్కడికి పోతన్నావే?"

"హోటల్‌కి."

"మళ్ళీ హోటలేందే! ఆ రోజు విమానం దిగంగానే ముందు నా గురించే అడిగినోడు వాడు. నువ్వేగా చెప్పావు! అట్టాంటోడి ఇల్లు పెట్టుకోని హోటలేంది?"

ఆ గోడ కట్టింది నేనే, ఇన్నేళ్ళుగా అమ్మ దానికి చేరగిలబడి కూర్చుంది.

"టిఫిన్ తినడానికమ్మా" అన్నాను.

"అట్టా చెప్పు. తినేసి వాడింటికి పో."

"సరేనమ్మా."

కారు ఆగింది. డ్రైవరు డిక్కీ తెరిచి నా సూట్‌కేసు దించాడు.