సీసపు రేకు కింద మోతాదు

ఎనభైల మొదట్లో నేను హైదరాబాదులో ఒక కాన్సర్ ఆసుపత్రిలో ఎలక్ట్రాన్ యంత్రం కొలతలు చూసేవాణ్ణి. నా పైన ఒక సీనియర్ ఉండేవాడు. ఆయన మీద పగ తీర్చుకున్న సంగతి ఇది. తీర్చుకున్నందుకు నాకు విచారం లేదు.

తగాదా ఒక సీసపు రేకు గురించి. ముఖం మీది చిన్న పుండుకు చికిత్స చేసేటప్పుడు, పుండంత రంధ్రం కోసిన రేకును అడ్డుపెట్టి, ఆ రంధ్రం గుండా ఎలక్ట్రాన్లు పంపుతారు. యంత్రంతో వచ్చిన పట్టిక పెద్ద కిరణానికి రాసింది. రంధ్రం చిన్నదైతే పక్కల నుంచి వచ్చి కలిసే ఎలక్ట్రాన్లు తగ్గుతాయి, లోపలికి చేరే మోతాదూ తగ్గుతుంది. నీళ్ల తొట్టిలో మోతాదు కొలిచే చాంబరును మిల్లీమీటరు చొప్పున దించుతూ నాలుగు ఆదివారాలు కొలిచాను. నాలుగుసార్లూ తక్కువే వచ్చింది.

గ్రాఫు చూపిస్తే సీనియర్ అందరి ముందూ నవ్వాడు. "మీ బాన్సువాడలో బర్రెలను కడిగే తొట్టి అనుకున్నావా ఇది?" అని, దాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. మర్నాడు నన్ను పది రోజులు సెలవు మీద పంపేశాడు.

ఇంట్లో కూర్చుని రెండు పనులు చేశాను. నోటుబుక్కులోని అంకెలతో గ్రాఫు మళ్లీ గీశాను. ఆయన్ని ఎలా పడగొట్టాలా అని ఆలోచించాను. రెండోదానికే ఎక్కువసేపు పట్టింది.

నాలుగో రోజు ఎదురింట్లో బీడీలు చుట్టే అక్క వచ్చింది. ఆమెకు ముక్కు పక్కన పుండు.

"తమ్మీ, సోమారం నుంచి మీ దవాఖానలనే కరెంటు పెడ్తరంట. నొస్తదా?"

ఆమె చీటీ చూశాను. చిన్న రంధ్రం, పెద్ద కిరణం పట్టిక, సీనియర్ సంతకం. నేను నోరు మూసుకుంటే చాలు. మోతాదు చాలక పుండు మళ్లీ లేస్తుంది, ఆ చీటీతోనే ఆయన ఉద్యోగం ఊడగొట్టవచ్చు. ఆ ఆలోచన నాకు తియ్యగానే ఉంది.

"చెప్పవేంది, నొస్తదా?" అంది మళ్లీ.

నా పగకు ఆమె ముఖం ఖర్చు పెట్టలేకపోయాను. గ్రాఫు ఆమె చేతిలో పెట్టాను.

"పెద్ద డాక్టరమ్మ పదిమందితోని వస్తది. గీ కాయితం ఆమెకు అందరి ముందట ఇయ్యాలె అక్కా. కొలిచినంకనే పెట్టుండ్రి అని గట్టిగ అను."

"గింతేనా? తిట్టొద్దా?"

"వద్దు."

"నీ మొకం జూస్తే తిట్టుమన్నట్టే ఉంది."

సెలవు మిగిలి ఉన్నా సోమవారం ఆమెతోపాటే వెళ్లి వార్డు గుమ్మంలో నిలబడ్డాను. డాక్టరమ్మ పక్కనే సీనియర్.

"అమ్మా, గీ సారు కొలవకుండనే కరెంటు పెడ్తుండంట" అంది అక్క. "కట్టల ఒక్క బీడీ తక్కువుంటే మా సేటు కట్టంత ఇసిరికొడ్తడు. నా మొకం గంతకన్న అగ్గువనా?"

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ గ్రాఫు మొత్తం చదివి, చికిత్స ఆపించి, ఆ మధ్యాహ్నమే కొలవమంది.

మా దగ్గర పద్ధతి ఒకటుంది. సీనియర్ మీటరు చూసి అంకె చదువుతాడు, జూనియర్ దాన్ని తిరిగి పలికి రాసుకుంటాడు. ఆ రోజు డాక్టరమ్మ నా వైపు తిరిగి, "నువ్వు చదువు, ఆయన రాస్తారు" అంది.

చదివాను. అన్నీ నా గ్రాఫులోని అంకెలే. మూడో అంకెకు ఆయన గొంతు బాగా తగ్గింది.

"వినపడలేదు సార్" అన్నాను. మళ్లీ పలికాడు.

డాక్టరమ్మ అక్క చీటీలో మోతాదు మార్చి సంతకం చేసింది. కొలత అక్కడితో సరిపోయేది. నేను చాంబరును ఇంకో ఐదు లోతులకు దించి, ఐదూ ఆయన చేత పలికించాను.